మధ్య గడిలో టిక్కు

నేను స్కీలు తయారు చేస్తాను, మంచు మీద జారడానికి బూట్లకి బిగించుకునే పొడుగాటి పలకలు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం దక్షిణపు అంచున రియో ఫ్రియో అనే చిన్న ఊళ్ళో, ఒకప్పుడు గొర్రెల ఉన్ని తూకం వేసిన షెడ్డులో, చెక్క కోయడం దగ్గర్నుంచి అంచులు నూరడం దాకా అన్నీ నా చేతులతోనే. ఏడాదికి డెబ్బై జతలు దాటవు. వాటిలో సగానికి పైగా ఆడవాళ్ళవి. ఆడవాళ్ళ స్కీల సంగతి నీకింత బాగా ఎలా తెలుసని ఎవరైనా అడిగితే గొప్పలకి పోను. నాకు తెలిసిందల్లా ఎలోయిసా ట్రుహియో వల్ల తెలిసింది. అదీ ఆమెని నిండా ముంచబోయి నేర్చుకున్నాను. ఆమె ఇంకా మా మధ్యే ఉంది, రేపో మాపో ఈ కాగితాలు చూసి నన్ను తిడుతుంది కూడా. తిట్టనీ.

అప్పటికి ఎలోయిసాకి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎప్పుడు చూసినా ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేది. మా కొండ మీద రక్షణ దళంలో ఆమెకది ఇరవై ఏడో చలికాలం. జారుతూ జారుతూ పడి కాలో భుజమో విరగ్గొట్టుకున్నవాళ్ళని చక్రాల్లేకుండా మంచు మీద జారే స్లెడ్డు బండిలో పడుకోబెట్టి, పట్టీలు బిగించి, బండికి ముందున్న రెండు పొడుగాటి పిడుల మధ్య తాను నిలబడి కిందికి దించుకు రావడం ఆ దళం పని. చూసేవాళ్ళకి ఆవిడ బండిని లాగుతున్నట్టుంటుంది. నిజానికి బండే ఆవిణ్ణి తోస్తుంది. పడుకున్న మనిషి బరువూ వాలు ఉరవడీ కలిసి నడుం మీదకి వస్తాయి, వాటిని రెండు కాళ్ళతో ఆపుకుంటూ దిగాలి. వేసవిలో అన్నగారి గడ్డి పొలానికి నీళ్ళు కట్టేది. మంచు పడిందంటే మాత్రం పొలం, ఇల్లు, అన్నగారు అన్నీ తర్వాతే.

వాళ్ళ నాన్న ఆ కొండ మీద, తాడుకి వేలాడే కుర్చీల్లో జనాన్ని పైకి చేర్చే మొట్టమొదటి లిఫ్టు నడిపినవాడు. ఆయనతో పాటు కొండెక్కి, దళం గదిలో మగవాళ్ళు వదిలేసిన స్కీల మీద నేర్చుకుంది. ఉద్యోగంలో చేరాక కూడా అదే తంతు. ఎవడో ఆరడుగులవాడు ఊరు విడిచి వెళ్తూ గోడకి ఆనించిపోయిన జత, ఇంకెవడో కొత్తవి కొనుక్కుని పారేసిన జత. వాటి మీద వాళ్ళ పేర్లు గీకి ఉండేవి. అలా ఎలోయిసా పదిహేనేళ్ళు 'బక్' అనేవాడి స్కీల మీద, ఎనిమిదేళ్ళు 'పెద్ద జెర్రీ' స్కీల మీద మనుషుల్ని దించింది. అవి ఆమెకంటే జానెడు పొడుగు. ఎవరూ కొనివ్వలేదు, ఆమె అడగలేదు.

రెండు వేసవుల కిందట కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. స్కీలు తేలిగ్గా ఉండాలి, నీ కొలతకి ఉండాలి, లేకపోతే ఆ మోకాలు నీది కాదనుకో అని డాక్టరు చెప్పాడు. దాంతో జన్మలో మొదటిసారి ఎలోయిసా తన కోసం స్కీలు ఎంచుకోవడానికి బయల్దేరింది.

పెద్ద కంపెనీల సరుకు ఆమెకి నచ్చలేదు. ఆడవాళ్ళవి అని రాసి ఉన్నవన్నీ మగవాళ్ళవాటినే కురచ చేసి, రంగు మార్చి, పూలు అద్దినట్టున్నాయంది. మా చుట్టుపక్కల సొంతంగా స్కీలు చేసేవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ముగ్గురి దగ్గరికీ వెళ్ళింది.

మొదట పక్క లోయలో డ్వేన్ రకర్ట్ దగ్గరికి. స్కీకి ఆడా మగా ఉండదమ్మా అని అరగంట ఉపన్యాసమిచ్చి, తన కోసం చేసుకున్న జత తెచ్చి చేతిలో పెట్టాడట. డ్వేన్ వంద కిలోల మనిషి. తర్వాత కనుమ అవతల మొగుడూ పెళ్ళాలు నడిపే దుకాణానికి. వాళ్ళ పనితనం బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. అన్నీ చూశాక ఎలోయిసా, మీరు చేసినవాటిలో విరిగినవి చూపించండి అని అడిగింది. మావి విరగవండీ అన్నారు వాళ్ళు. ఆమె కాఫీ తాగి, థాంక్స్ చెప్పి వచ్చేసింది.

మూడోది నా షెడ్డు. వచ్చీ రాగానే నన్నూ అదే అడిగింది. నాకు కాస్త సిగ్గనిపించినా, వెనక టార్పాలిన్ కింద ఉన్న గుట్ట చూపించాను. ఇరవై మూడు జతలో ఎన్నో ఉన్నాయి. బకెట్ బోర్లించుకుని కూర్చుని ఒక్కొక్కటీ తీసి ఇదెలా విరిగింది, ఇదెందుకు ఊడింది అని అడగడం మొదలుపెట్టింది. ఇది జిగురు సరిగ్గా పట్టక, తప్పు నాదే. ఇది చెక్కలో కణుపు ఉంది, చూసుకోలేదు, తప్పు నాదే. ఒకటి మా అక్క మొగుడు రాయి మీదకి ఎక్కించి విరగ్గొట్టాడని చెప్పాను.

"ఇందులో నీ తప్పు లేదన్నమాట," అంది.

"వాడికి స్కీలు చేసివ్వడమే నా తప్పు," అన్నాను.

అప్పుడు నవ్వింది. చేతులు దులుపుకుని లేచి, నాకు నువ్వే చెయ్యవే కోరా అంది. ఆ గుట్ట చూసి నన్ను ఎంచుకున్న మనిషి ఆవిడొక్కతే. ఆ రోజంతా నేను నేల మీద లేను. ఆ పొగరులోనే పెద్ద తప్పు చేశాను.

నా దగ్గర ఒక కాగితం ఉండేది. వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని నింపాలి. ఎత్తు, బరువు, బూటు కొలత, చివర్లో మూడు గడులు: కొత్త, మధ్యస్థం, ఆరితేరిన. ఎప్పుడో ఒక పెద్ద దుకాణంలో చూసి దించుకున్నది. దానికి తోడు నాకొక మొండి నియమం. కాగితంలో ఏముంటే అదే చేస్తాను, మనిషిని చూసి చెయ్యను. మొదట్లో ఒక స్నేహితురాలికి, తను నాకు బాగా తెలుసు కదా అని ఊహతో చేసిస్తే చెడగొట్టాను. అప్పట్నుంచి కాగితమే నాకు వేదం. ఆ కాగితం తీసుకెళ్ళి, స్కీ పొరలు అదిమి అతికించే ప్రెస్ మీద క్లిప్పుకి తగిలిస్తాను, తల ఎత్తకుండా దాని ప్రకారం పోతాను.

ఎలోయిసా నిలబడే నింపింది. మధ్య గడిలో టిక్కు పెట్టింది.

నేను పదేళ్ళుగా ఆవిడ దిగడం చూస్తున్నాను. మంచు గాలివానలో, గడ్డకట్టిన వాలు మీద, నూరు కిలోల మగాణ్ణి బండిలో వేసుకుని ఆవిడ దిగుతుంటే లిఫ్టులో ఉన్నవాళ్ళు మాటలాపి చూస్తారు. అదంతా నా కళ్ళకి తెలుసు. కానీ చెయ్యి మాత్రం కాగితం ప్రకారం పోయింది. ఆడమనిషి, మధ్యస్థం, మోకాలు బాగాలేదు. కాబట్టి లోపలి చెక్క పల్చగా గీకాను. గాజు పీచు ఒక పొర తగ్గించాను. తోక, అంటే స్కీ వెనక కొస, మెత్తగా వంగేలా చేశాను, తిరగడానికి సుళువని. అలా చేస్తూ నేనేదో ఆమెకి సాయం చేస్తున్నానని కూడా అనుకున్నాను.

రంగు ఆమే చెప్పింది. ఏటి ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు అక్టోబరులో తిరిగే పసుపు. జత చేతికిచ్చినప్పుడు ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, పైన అరచేత్తో నిమిరి, "ఎవడి పేరూ లేదు," అంది. అంతే అంది.

మొదటి పది రోజులూ ఎవరు ఎదురైనా ఆ స్కీల గురించే చెప్పింది. మోకాలు అసలు తెలియట్లేదంది. ఒకరోజు పచ్చిమిర్చీ పంది మాంసం కూర గిన్నెడు, గుడ్డలో చుట్టిన టోర్టియా రొట్టెలు తెచ్చి నా బల్ల మీద పెట్టిపోయింది. ఆ గిన్నె నేను రెండు రోజులు తిన్నాను. ఇంకేముంది, నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను.

ఆ ఏడాది దళానికి కొత్త నాయకుడు వచ్చాడు. వార్డ్ లిండ్‌క్విస్ట్ అని, ముప్పై అయిదేళ్ళవాడు. చెడ్డవాడు కాదు. అందరికీ ఒకే రూలు అనే రకం. డిసెంబరులో ప్రతి ఒక్కరూ మనిషిని పెట్టిన బండితో 'చిమ్నీ' అనే వాలు దిగి చూపించాలన్నాడు. పై సగం బొడిపెలు బొడిపెలుగా ఉంటుంది, మధ్యలో రెండు రాళ్ళ నడుమ ఇరుకు, అక్కడ మంచు కాదు, గాజు పలక. రెండు అవకాశాలు. రెండూ పోతే బండి ముట్టుకోవడానికి లేదు, కింద గదిలో రేడియో ముందు కుర్చీ. జీతం అదే, గౌరవం అదే అని వార్డ్ అందరికీ చెప్పాడు.

ఆ కుర్చీలో అంతకు ముందు తెయోదోరో అనే ఆయన కూర్చునేవాడు. దళంలో ఆమెకి పని నేర్పింది ఆయనే. బండి వదిలేశాక ఆయన ఆరేళ్ళు ఆ గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఒకసారి కూడా కొండ వైపు తిరిగి చూడగా ఎవరూ చూడలేదు. ఆ సంగతి ఎలోయిసా నాకు చెప్పింది, చెప్పి వెంటనే మాట మార్చేసింది. ఆమెకి ఆ కుర్చీ అంటే ఏమిటో నాకు తెలుసు.

మొదటి పరీక్షలో ఆమె ఓడిపోయింది. నాకు ఆ కబురు కిరాణా కొట్లో తెలిసింది. ఇరుకు దగ్గర బండి తోసుకొచ్చేసింది, ఆమె స్కీల తోకలు పక్కకి జారిపోయాయి, బండి అడ్డం తిరిగి ఆగింది, ఆమె కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇరవై ఏడేళ్ళలో అలా జరగడం మొదటిసారట. చెబుతున్నవాళ్ళు కూడా గొంతు తగ్గించి చెప్పారు.

మర్నాడు పొద్దున ఎలోయిసా నా షెడ్డుకి వచ్చింది. చేతిలో ఆ పసుపు స్కీలు, శుభ్రంగా తుడిచి, మైనం పెట్టి. తిడుతుందని సిద్ధమై నిలబడ్డాను. ఆమె వచ్చింది నాకు థాంక్స్ చెప్పడానికి.

"ఇవి చాలా బాగున్నాయి, కోరా. ఇలాంటివి నాకు ముప్పై ఏళ్ళ కింద దొరికుంటే ఎంత బాగుండేదో. ఇప్పుడు కాళ్ళు అయిపోయాయి. స్కీలు ఏం చేస్తాయి పాపం? రెండో పరీక్షకి వెళ్ళను. వార్డ్‌తో చెప్పేస్తాను, కుర్చీలో కూర్చుంటానని. ఇవి ఇంకెవరికైనా ఇవ్వు, వాడుకుంటారు."

నేను ఒక స్కీ అందుకున్నాను. అలవాటు కొద్దీ నేల మీద నిలబెట్టి మోకాలితో మధ్యలో నొక్కాను. తోక మెత్తగా వంగిపోయింది. బడికెళ్ళే పిల్లకి సరిపోయే మెత్తదనం. దాని మీద ఎనభై కిలోల బండి వచ్చి పడితే ఏమవుతుంది? ఎవరి కాళ్ళైనా జారతాయి. డ్వేన్ కాళ్ళైనా జారతాయి. వెళ్ళి క్లిప్పుల కట్టలోంచి ఆమె కాగితం తీశాను.

"అక్కా, ఇక్కడ మధ్యస్థం అని ఎందుకు పెట్టావు?"

ఆమె కాగితం కేసి చూసి భుజాలెగరేసింది. "ఏం పెట్టమంటావు? ఆరితేరిన అంటే వార్డ్ లాంటివాళ్ళు, పోటీల్లో దిగేవాళ్ళు. నేను పోటీలకి వెళ్ళలేదు, గాల్లో ఎగరలేదు. పడ్డవాళ్ళని కిందికి తెస్తాను. అంతే కదే."

నేను వెళ్ళి గత రెండేళ్ళ కాగితాలన్నీ తెచ్చి బల్ల మీద పోశాను. వాటిలో ఆడవాళ్ళవి ముప్పై ఒకటి. ముప్పై మంది మధ్య గడిలో టిక్కు పెట్టారు. మిగిలిన ఒక్కామె 'కొత్త' అని పెట్టింది, ఆమె మా బడి పిల్లలకి స్కీ నేర్పే టీచరు. మగవాళ్ళ కాగితాలు నలభై. వాటిలో ముప్పై నాలుగు 'ఆరితేరిన'. ఎలోయిసా కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క పేరూ చదవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది.

"వీణ్ణి నేను దించాను," అంది. ఇంకాస్త పరీక్షగా చూసింది. "రెండుసార్లు దించాను."

ఆమె నవ్వింది. ఆమెని చూసి నేనూ నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకంటే ఇందులో నవ్వులాట ఏమీ లేదు. ఆ ముప్పై ఒక్క మందికీ నేను వాళ్ళకంటే మెత్తని స్కీలు చేసిచ్చాను. అవి జారితే వాళ్ళందరూ తమ కాళ్ళనే తిట్టుకుని ఉంటారు. నేనూ ఆడదాన్నే, నాకు తట్టలేదు.

అన్నీ ఆమెకి చెప్పేశాను. తప్పు నాది, నీ కాళ్ళది కాదు అక్కా అన్నాను. ఆమె నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి వచ్చిన మనిషిలా భుజం తట్టి, పోనీలే అంది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఆ పోనీలే మీద. రెండో పరీక్షకి తొమ్మిది రోజులుంది, కొత్త జత చేస్తాను, అది వేసుకుని దిగి అప్పుడు కుర్చీ సంగతి చూసుకో, అప్పటిదాకా వార్డ్‌తో ఒక్క మాట మాట్లాడావంటే ఊరుకోను అని గట్టిగానే అన్నాను. పెద్దావిడ మీద గొంతు పెంచడం నాకు అదే మొదలు.

ఆమె కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంది. "సరే చెయ్యి," అంది చివరికి. "ఏం నింపాలి?"

"ఏమీ నింపకు. నేను అడుగుతాను, నువ్వు చెప్పు."

బండితో రోజుకి ఎన్నిసార్లు దిగుతావు అని అడిగాను. ఎక్కువ బరువు ఎప్పుడు వేసుకున్నావు, ఏ మంచు మీద భయం, బరువు ముందు ఏ కాలి మీదకి వస్తుంది, ఆగాలంటే స్కీలో ఎక్కడ నొక్కుతావు. ఇవన్నీ ఆమెని ఎవరూ ఎప్పుడూ అడిగినట్టు లేదు. మొదట ఒకటీ అరా చెప్పింది. తర్వాత లేచి నిలబడింది. బెంచీ తిరగేసి, దాని రెండు కాళ్ళు బండి పిడుల్లా పట్టుకుని, ఇదిగో ఇలా, బండి ఎడమ నుంచి తోస్తుంది, అప్పుడు మడమ కింద గట్టిగా దొరకాలి, ముందు కాదు, వెనక అంటూ చేసి చూపించింది. స్కీ ముక్కు ఎంత మెత్తగా ఉన్నా పర్వాలేదంది, బొడిపెల మీద అదే మంచిది. తోక మాత్రం మాట వినాలి. మాట్లాడుతుంటే ఆమె మొహం వేరేగా ఉంది. అప్పటిదాకా ఆమెకి పని తెలుసనుకున్నాను. ఎంత తెలుసో ఆ పొద్దున చూశాను.

ఆమె కొలతకే చేశాను. పొడుగు పెంచలేదు. బూటు బిగింపు రెండు వేళ్ళు ముందుకి జరిపాను, ఆడవాళ్ళ నడుం బరువు వెనక్కి ఉంటుంది కనక. ముక్కు పాప్లర్ చెక్క, తేలిగ్గా. మధ్యనుంచి తోక దాకా గట్టి యాష్ చెక్క, రెండు పొరల గాజు పీచు, ఆ మోకాలి కోసం మధ్యలో సన్నని రబ్బరు పట్టీ. మూడు రోజులు ఆమె కూడా వచ్చి పక్కన నిలబడింది. తోక నొక్కి చూసి, ఇంకొంచెం, ఇంకొంచెం అంది. నేను చెక్క మీద చెక్క వేస్తూ పోయాను. రంగు అదే పసుపు. ఆ మూడు గడులున్న కాగితాల కట్ట పొయ్యిలో పడేశాను.

పరీక్ష రోజు నేనూ కొండెక్కాను. బండిలో పడుకోవలసిన కుర్రాడికి జలుబు చేసి రాలేదు. వార్డ్ చుట్టూ చూసి, ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు. నేను చెయ్యెత్తాను.

"మీ బరువెంత?" అన్నాడు. "డెబ్బై అయిదుకి తక్కువైతే లెక్కలోకి రాదండి."

పదేళ్ళుగా నా లైసెన్సు మీద అరవై ఎనిమిది అని ఉంది. దళం మొత్తం అక్కడే నిలబడి ఉంది. "ఎనభై ఆరు," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎలోయిసా ఒక్కతే నా వైపు తిరిగి, "ఎంత దాచావే," అంది.

బండిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, అయిదు పట్టీలు బిగించింది. చేతులు కూడా లోపలే. నాకు కనిపించేది ఆకాశం, ఎర్ర కోటులో ఆమె వీపు, గడ్డం దించుకుంటే కింద పసుపు తోకలు రెండు. నేను చేసిన స్కీలని అలా వెనక నుంచి, పనిలో ఉండగా ఎప్పుడూ చూడలేదు.

బండి కదిలింది. బాధలో ఉన్నవాళ్ళు స్పృహ తప్పకుండా దళం వాళ్ళు దారంతా మాట్లాడిస్తూ ఉంటారు. పరీక్షలో అది అక్కర్లేదు. ఎలోయిసా మాత్రం మొదలుపెట్టింది.

"పేరేంటమ్మా?"

"కోరా."

"ఇవాళ ఏం వారం?"

"గురువారం."

బొడిపెల్లోకి దిగాం. వెన్ను కింద బండి ఎగిరి పడుతోంది. ఆమె మోకాళ్ళు రెండూ దగ్గర దగ్గరగా వంగుతున్నాయి, లేస్తున్నాయి. స్కీల ముక్కులు ఒక్కో బొడిపె మీద మెత్తగా ఎక్కి దిగుతున్నాయి. వార్డ్ పక్కగా వస్తున్నాడు, అతని స్కీల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత ఆ చప్పుడు మారింది. గాజు మీద చాకు గీసినట్టు గీరుకుంటోంది. ఇరుకు వచ్చింది.

"ఎక్కడ నొప్పి?"

"ఎక్కడా లేదు."

"భయంగా ఉందా?"

"ఉంది."

బండి ఎడమ నుంచి తోసింది. నా ఎనభై ఆరు కిలోలూ కిందికి జారడం నాకే తెలిసింది. ఆమె మడమల మీదకి వెళ్ళింది. పసుపు తోకలు రెండూ మంచులోకి కరుచుకున్నాయి. ఒక్క క్షణం వణికాయి. నేను వాటినే చూస్తున్నాను. అవి జారలేదు. బండి మొత్తం బరువూ వచ్చి ఆమె నడుం మీద ఆగింది, ఆగి, ఆమె ఎటు తిరిగితే అటు తిరిగింది.

"ఏం పని చేస్తావు?" అని అడిగింది. ఆమె గొంతులో ఆయాసం లేదు.

"స్కీలు చేస్తాను."

"ఎవరికి?"

నేను ఇంకా ఆ తోకలనే చూస్తున్నాను. ఆమె ఇంకోసారి అడిగింది, రోగి స్పృహలో ఉందో లేదో చూసేవాళ్ళు అడిగినట్టే, కాస్త గట్టిగా.

"నీకు," అన్నాను. "నీకు చేశాను అక్కా."

ఆమె వెనక్కి తిరగలేదు. ఇరుకు దాటి బయటికొచ్చాం, ఎండ మొహం మీద పడింది. మిగతా వాలంతా ఆమె ఏమీ అడగలేదు. కింద బల్లపరుపు నేల మీద బండి ఆగినప్పుడు పరీక్ష చూడ్డానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. వార్డ్ వచ్చి స్కీలు విప్పి, టోపీ తీసి, జేబులోంచి కాగితం తీశాడు. చాలా బాగా దించారండి అన్నాడు. ఇంకేదో అనబోయాడు కూడా.

అప్పుడే ఆమె భుజం మీద రేడియో మోగింది. పై లిఫ్టు దగ్గర ఎవరో పడ్డారు, భుజం జారినట్టుంది, బండి పంపండి అని. ఎలోయిసా అప్పటికే వంగి నా పట్టీలు ఊడదీస్తోంది.

"సంతకం..." అన్నాడు వార్డ్.

"తర్వాత పెట్టుకో బాబూ, నేనెక్కడికీ పోను," అంది. నా చెయ్యి పట్టి లేపింది. "దిగవే తల్లీ. అసలు రోగి వచ్చాడు."

ఖాళీ బండిని లిఫ్టు కుర్చీ వెనక తగిలించుకుని, ఎక్కి, వెళ్ళిపోయింది. నేను భుజాల మీద దుప్పటితో మంచులో నిలబడిపోయాను. ఆమె పాదాల కింద ఆ పసుపు జత చిన్నదవుతూ పైకి పోతోంది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. వార్డ్ కంగారుపడ్డాడు.

"మీకేమైనా దెబ్బ తగిలిందా?"

లేదన్నాను. పదకొండేళ్ళుగా స్కీలు చేస్తున్నాను, అవి ఎందుకు చేస్తున్నానో ఇప్పుడే చూశాను అని చెప్పాను. అతనికి అర్థమైందో లేదో తెలియదు. నా పక్కనే నిలబడి అతనూ పైకి చూశాడు, ఎర్ర కోటు కనిపించినంతసేపూ.